మైనం గిన్నె మీద కన్ను

తొంభైల చివర్లో నా కుడి భుజం బిగుసుకుపోయింది. చెయ్యెత్తి బస్సులో కడ్డీ పట్టుకోలేక, హోసూరు నుంచి కృష్ణగిరి దాకా ప్రతి ప్రయాణికుడి ఒళ్ళోనూ ఒక్కోసారి కూర్చున్నాను. ఫిజియోథెరపీకి వెళ్తే డాక్టరమ్మ నాకొక గోడ చూపించింది. దానిమీద వేళ్ళతో పైకి పాకాలి. అందినచోట ఆమె సుద్దముక్కతో గీత గీస్తుంది. నా అరుపులు రాయకోటకు వినబడ్డాయి గానీ, వారమైనా గీత కదల్లేదు.

పక్కనే మామిడి మండీ దళారి ఒకాయన. ఎడమ చెయ్యి విరిగి అతికాక వేళ్ళు బిగిశాయని ఆయనకు వెచ్చటి మైనం స్నానం! చెయ్యి ఆ గిన్నెలో ముంచగానే ఆయన ముఖంలో వైకుంఠం కనబడేది. నాకు మాత్రం గోడా? కడుపు మండిపోయింది.

"నా వేళ్ళు కూడా వంగడం లేదమ్మా," అని మూలిగాను.

డాక్టరమ్మ పాపం నమ్మబోయింది. అంతలో దళారి నా చేతిమీద తువ్వాలు కప్పి, మండీలో ఎన్ని వేళ్ళు పడితే అంత ధరని గుట్టుగా బేరమాడినట్టు, లోపల బాగున్న చేత్తో నా రెండు వేళ్ళు నొక్కాడు. నేను మామిడి తోట ఉన్న ఇంట్లో పుట్టినవాణ్ణి. నా వేళ్ళు నన్నడక్కుండానే ఆయన నాలుగు వేళ్ళూ గట్టిగా పట్టి ధర పెంచేశాయి.

"ఏమమ్మా, ఈయప్ప వేళ్ళు బాగుండాయి! గోడకే పంపించు," అన్నాడాయన.

ఆ కసితో పాకితే గీత దాటి నాలుగు వేళ్ళు పైకి పోయాను. గర్వంగా వెనక్కి చూశాను. ఆయన కళ్ళు మూసుకుని, బాగున్న చెయ్యి కూడా మైనంలో ముంచేశాడు.