గోల్ గౌరికి ఎడమపక్క

మా చిన్నప్పుడు... సాయంత్రం రైలింజన్ల షెడ్డు సైరన్ మోగిందంటే చాలు, మా రైల్వే క్వార్టర్ల వెనక గ్రౌండ్‌లో ఆడపిల్లలందరం హాకీ కర్రలతో తయారు. పిడికి సైకిల్ ట్యూబు చుట్టిన పాత కర్రలు... మోకాళ్ల మీద పసుపు మరకలు... నోట్లో దుమ్ము...

నేను సెంటర్ ఫార్వర్డ్‌ని. గోల్ ముందు కాచుకుని కూర్చుని, బంతి రాగానే కొట్టడమే నా పని. కొడితే గోల్ పడాల్సిందే! కాలనీ అంతా నన్ను 'గోల్ గౌరి' అనేవారు. పాలు పోసే ఆయన కూడా అలాగే పిలిచేవాడు. నేను కాస్త పొంగిపోయేదాన్ని కూడా... దాచడమెందుకు.

నా ఎడమపక్క కులేశ్వరి ఆడేది. మా స్కూలే. పక్కనున్న బిల్హా ఊరి నుంచి లోకల్ రైల్లో వచ్చి, ఆట అవగానే మళ్లీ లోకల్ అందుకోవడానికి పరుగెత్తేది. నూనె రాసి బిగించి అల్లిన రెండు జడలు, పెదవి విప్పని మనిషి. రైల్వే ఉద్యోగాలకి ఇక్కడికొచ్చిన తెలుగువాళ్లం మేం, తనది ఈ ప్రాంతమే, తెలుగు రాదు. హిందీ ఇద్దరికీ వచ్చు గానీ, మాట్లాడుకోవడానికి మా ఇద్దరికీ ఏమీ ఉండేది కాదు. ఒక్క రోజైనా టిఫిన్ పంచుకున్న గుర్తు లేదు. స్నేహితురాలని చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు.

కానీ బంతి తన కర్రకు తగలగానే నా కాళ్లు ఎటో ఒకవైపు కదిలేవి. సరిగ్గా అక్కడికే బంతి వచ్చేది! తను నా వైపు చూసేది కాదు. నేను కేకేసేదాన్ని కాదు. ఎలా జరిగేదని అడిగితే... ఏమో. అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు.

అంతలో రైల్వే డివిజన్ టీముకి ఎంపికలన్నారు. మా నాన్న రైలింజన్ డ్రైవరు. ముందే తేల్చి చెప్పేశారు. "ఎంపికయితే ఆడుకో. కాకపోతే ఆ కర్ర అటకెక్కిపోవాల. పదో తరగతి వస్తంది, తెలిసిందేటి?"

నాకు హాకీ తప్ప లోకం తెలియని రోజులు... ఆ మాటకు అన్నం సహించలేదు.

మాకు ఆట నేర్పేది సింహాచలం బాబాయి. షెడ్డులో ఫిట్టరు. డ్యూటీ దిగి, చేతుల గ్రీజు సరిగా వదలకుండానే గ్రౌండ్‌కి వచ్చేసేవాడు. కాలనీ తరఫున రెండు టీములు పంపొచ్చని తెలియగానే బాబాయికి రైల్వే బుర్ర పనిచేసింది.

"ఒక బండికి రెండింజిన్లేటే, దండగ! గౌరొక బండికి, కులేశ్వరొక బండికి. రెండు బళ్లూ దౌడు తీస్తాయి. ఇద్దరూ సెలక్టయిపోతారు, చూడు!"

మాకూ అది గొప్ప ఆలోచనే అనిపించింది. ఇంజన్ల మధ్య పెరిగినవాళ్లం కదా, అనిపించక చస్తుందా!

ఎంపికల రోజు ముందు మా టీము ఆడింది. బంతి వచ్చేది... నేను చేరేసరికి దాటిపోయేది. లేదంటే నేను ముందే వెళ్లి నిలబడితే వెనకెక్కడో ఆగిపోయేది. కొత్తగా ఎడమపక్క ఆడిన అమ్మాయి పాపం బాగానే ఆడుతోంది. నాకే ఏమీ అర్థం కాలేదు. ఒక్క గోల్ పడలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కర్ర బాగోలేదని బాబాయితో పోట్లాడాను కూడా.

తర్వాత కులేశ్వరి టీము దిగింది. నేను గీత బయట కూర్చుని చూస్తున్నాను. తను బంతి తీసుకుంది, ఇద్దర్ని దాటింది, ఇచ్చింది... అక్కడ ఎవరూ లేరు! మళ్లీ ఇచ్చింది... మళ్లీ ఖాళీ చోటుకే. "ఎవరికిస్తోందో ఆ పిల్లకే తెలియట్లేదు" అని ఎంపిక చేసే ఆయన నవ్వాడు.

నాకు తెలుస్తోంది. అవన్నీ నేనుండాల్సిన చోట్లు. గీత బయట కూర్చున్నదాన్ని, నా కాళ్లు వాటంతటవే కదులుతున్నాయి... నాకు ఏడుపొచ్చేసింది.

ఆట అయ్యాక తను నేరుగా నా దగ్గరికి వచ్చి, "తై కహా రహే?" అంది. నువ్వెక్కడున్నావ్, అని తన ఊరి భాషలో. కోపంగానే అడిగింది. గీత బయట ఉన్నానని తనకూ తెలుసు.

ఇద్దరిలో ఎవరం ఎంపిక కాలేదు.

ఆ సాయంత్రం నాన్న బాబాయితో అన్నారు. "చదునులోనైతే ఒక ఇంజిను సాల్తాది. మెరకెక్కినప్పుడు ముందొకటి లాగాల, వెనకొకటి తొయ్యాల. షెడ్డులోనే ఉంటావు, ఆ మాత్రం తెల్దేటి?"

"అచ్ఛా... అది నాకు తట్టనేదన్నా" అని బాబాయి తల గోక్కున్నాడు. నాన్నకు అంతా అర్థమైంది. అయినా కర్ర అటకెక్కడం మాత్రం ఆగలేదు. కులేశ్వరి కూడా ఆ తర్వాత గ్రౌండ్‌కి రాలేదు.

మరి లాగింది నేనా, తోసింది తనా? లేక తనే లాగిందా? ఆ గోల్స్ అసలు ఎవరివి? ఎన్నేళ్లు ఆలోచించినా తెగట్లేదు.

మొన్న మా ఊరి గోల్ బజార్‌లో, మిఠాయి కొట్టు దగ్గర కులేశ్వరి కనబడింది. నడుం దగ్గర కాస్త లావెక్కింది... నేనూ తక్కువేం కాదు లెండి. పిల్లలెంతమంది, ఏం చదువుతున్నారు... అంతటితో మాటలు అయిపోయాయి. జనం తోసుకుంటుంటే తను కౌంటర్ దాకా దూరింది. నేను వెనక ఎక్కడో చిక్కుకుపోయాను. తను వెనక్కి తిరగకుండానే జనం మీదుగా ఒక పొట్లం చాపింది. అప్పటికే నా చెయ్యి అక్కడుంది!

ఇద్దరం పకపకా నవ్వేశాం. ఎందుకు నవ్వామో అదీ తెలీదు. నాకు మాత్రం కళ్లు చెమర్చాయి.

ఇప్పుడా గ్రౌండ్‌లో సగం మేర కార్లు, స్కూటర్లు నిలుపుతున్నారు. షెడ్డు సైరన్ మోగినా ఏ పిల్లా బయటికి రావడం లేదు. మీకూ ఉన్నారా... మాటలు లేకుండానే మీరెక్కడుంటారో తెలిసిన మనిషి? ఉంటే రాయండి, అదెలా కుదురుతుందో నాకూ కాస్త చెప్పండి.

కాలనీలో మిగిలిన పాతవాళ్లు ఇప్పటికీ నన్ను 'గోల్ గౌరి' అనే పిలుస్తారు... పిలిచిన ప్రతిసారీ ముందు నా ఎడమపక్కకు చూస్తాను.