పెద్దాయన నీళ్ళు తాగిన పొద్దు

నా పిరికితనం నన్ను కన్న అవ్వ పోలికని మా ఇంట్లో అందరూ అంటారు. నేనూ అదే అనుకునేదాన్ని. గ్యాస్ కట్టేశానో లేదో అని సగం దారిలోంచి వెనక్కి తిరిగి వచ్చే మనిషిని. బస్సు డ్రైవర్ ఆవులిస్తే ఇక ఆ దారంతా నాకు కునుకు పట్టదు. అలాంటి నాకు పెళ్ళిరోజు కానుకని చెప్పి మా అమ్మాయి ఆదిలాబాద్ అడవిలో, చెరువు ఒడ్డున, పులులు తిరిగే చోట రెండు రోజులకు బస బుక్ చేసింది. "తాతను గూడ తోల్కపో అమ్మా, జర మనసు తేలికైతది" అని ఫోన్‌లో అంది. బాపు పేరెత్తితే నేను కాదనలేనని దానికి తెలుసు.

అవ్వ పోయి అప్పటికి ఏడాది. బాపు కరీంనగర్‌లో మా దగ్గరే ఉంటున్నాడు. అంతకుముందు బతుకంతా శ్రీరాంపూర్ దిక్కు బొగ్గుబాయిలో గడిచింది. భూమి లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. మందుగుండు చప్పుళ్ళకు చెవులు రెండూ పోయాయి. మిషన్ పెట్టుకుంటేనే వినపడుతుంది. ఒకసారి దుంగ మీద పడి కుడి మోకాలు పాడైంది, ఆ కాలు కొంచెం ఈడుస్తాడు. దగ్గు సరే సరి. బాయిలో పనిచేసినవాళ్ళు దాన్ని రోగమనుకోరు.

నా చిన్నప్పుడు క్వార్టర్లలో షిఫ్టు వేళ కాని వేళ సైరన్ మోగితే అవ్వ పొయ్యి మీది గిన్నె అట్లాగే వదిలేసి గడపలోకి వచ్చి నిలబడేది. కొంగు నోట్లో కుక్కుకునేది. నేను ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుని వణికేదాన్ని. కాసేపటికో, చాలాసేపటికో బాపు వచ్చేవాడు. తానం చేసి, అన్నం తిని, "ఇయ్యాల బడిల ఏం చెప్పిన్రు బిడ్డా?" అని అడిగేవాడు. లోపల ఏం జరిగిందో ఒక్క ముక్క చెప్పేవాడు కాదు. మా బాపుకు భయమంటే ఏమిటో తెలియదని నేను బడిలో గొప్పలు చెప్పుకునేదాన్ని.

పెద్దపల్లి దాటి, మంచిర్యాల దాటి, టేకు చెట్ల మధ్య రోడ్డు సన్నబడ్డాక ఆ చోటికి చేరాం. బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి. చెరువు ఒడ్డునే వరసగా టెంట్లు. వాటికి ముప్పై అడుగుల ఎగువన, పొట్టి స్తంభాల మీద చెక్క కాటేజీలు. ఇంకా పైన బడిపిల్లలు వస్తే పడుకోవడానికి పెద్ద హాలు. వంటగది పక్కన ఎత్తైన మంచె, దాని మీద కూడా పడుకోవచ్చట, అడిగినవాళ్ళకు. జీపులో అడవి తిప్పుతారు, పడవ ఎక్కిస్తారు, పొద్దున్నే పిట్టలను చూపిస్తారు. ఈ అన్నిటికీ ఒక్కడే మనిషి, అక్కడి వాచ్‌మన్. మా ఈడువాడే, పక్క గూడెం గోండాయన. నన్ను అక్కా అనీ, బాపును కాకా అనీ పిలిచాడు.

మా అమ్మాయి మాకు టెంట్లు చెప్పింది. నేను ఒప్పుకోలేదు. గుడ్డకు గొళ్ళెం ఉంటుందా? గొడవపడి కాటేజీ ఇప్పించుకున్నాను. బాపు మాత్రం టెంటే కావాలన్నాడు.

"గది ఉండంగ టెంటుల ఎందుకు బాపు?"

"నెత్తి మీద బరువు లేకుంటె నిద్ర మంచిగ పడ్తది" అన్నాడు.

ఎంత పోరినా వినలేదు. మా ఆయన "ముసలాయన సరదా, పోనీరాదు" అని ఆయన వైపే మాట్లాడాడు. మామా అల్లుళ్ళు ఒకటైతే నా మాట ఎవరు వింటారు?

సాయంత్రం జీపులో తిరిగాం. దుప్పులు కనిపించాయి, నెమళ్ళు కనిపించాయి. ఒకచోట ఇసుకలో పళ్ళెమంత అడుగు చూపించి వాచ్‌మన్ "పాతదే" అన్నాడు. ఆ పాతదే చాలు నాకు, జీపు దిగేదాకా బాపు చొక్కా పట్టుకునే కూర్చున్నాను. తిండి వేళ వాచ్‌మన్ అందరికీ వినపడేట్టు చెప్పాడు. "పొద్దు పొడిచెదనుక ఎవ్వరు గూడ కట్ట మీదికి పోవద్దు. జానవర్లు నీళ్ళకొస్తయి." ఆ మాట బాపు వినలేదు. పక్క బల్ల మీద పిల్లల గోల ఎక్కువై మిషన్ కుయ్యిమంటోందని తీసి జేబులో వేసుకున్నాడు. నేను చూశాను. పడుకునేముందు చెబుదామనుకుని, టెంటు జిప్పు సరిగా పడిందా లేదా అన్న ఆదుర్దాలో మరిచిపోయాను.

తెల్లారుతుండగా మెలకువ వచ్చింది. చెరువు మీద పొగమంచు, పది అడుగులు దాటితే ఏమీ కనబడటం లేదు. బాపును చూసివద్దామని కిందికి దిగాను. టెంటు తెరిచి ఉంది. దుప్పటి మడిచి ఉంది. దిండు పక్కన డబ్బాలో చెవి మిషన్ ఉంది. చెప్పులు లేవు, బాపు లేడు.

ఫస్టు షిఫ్టు అలవాటు ఆయనకు ఇంకా పోలేదు. కరీంనగర్‌లోనూ నాలుగింటికే లేచి వీధి చివరిదాకా పోయి వస్తాడు. ఇక్కడా అట్లాగే పోయుంటాడు. కానీ ఇక్కడ వీధి లేదు. మిషన్ లేకుండా ఆయన వెనక లారీ వచ్చినా వినపడదు. పిలుద్దామంటే ఎవరిని పిలవను? ఎంత అరిచినా ఆయనకు చేరదు. మిషన్ గుప్పిట్లో పట్టుకుని కాటేజీకి పరిగెత్తాను. మా ఆయన "ఏడికి పోతడు, వస్తడు తియ్" అని అటు తిరిగి పడుకున్నాడు. వంటగదికి ఫోను ఉంది. చేశాను. వాచ్‌మన్ ఎత్తాడు.

పరాయివాళ్ళ ముందు బాపు అనడం నాకు అలవాటు లేదు. పాలాయనతో అన్నా, కూరగాయల బండి దగ్గర అన్నా పెద్దాయన అనే అంటాను.

"పెద్దాయన కనిపించిండా?" అని అడిగాను.

"కనిపించిండక్కా!" అన్నాడు సంతోషంగా. "గిప్పుడే మంచు జర పలుచబడంగ మంచె మీదకెల్లి చూసిన. కట్ట దిగి నీళ్ళు తాగి, తూము దిక్కు పోయిండు."

ప్రాణం లేచివచ్చింది. వెంటనే కోపమూ వచ్చింది. "నీళ్ళు తాగిండా? చెరువు నీళ్ళా?"

"మరి ఇంకే నీళ్ళు తాగుతడక్కా?"

"ఒక్కడేనా?"

"ఒక్కడే. ఎన్నడైన ఒక్కడే తిరుగుతడు. జర కుడికాలు ఈడుస్తుండు. ముసలిగయిండు పాపం."

"అవు, ఆ మోకాలుకు మందు పెట్టుకొమ్మంటె వినడు" అని ఫోను ఠక్కున పెట్టేశాను. అవతల ఆయన ఇంకేదో చెప్పబోతున్నాడని తెలుస్తూనే ఉంది. కానీ నేను కోపంలో ఉంటే ఎదుటివాళ్ళ మాట పూర్తిగా వినే మనిషిని కాదు.

కట్ట ఎక్కి తూము వైపు నడిచాను. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క చెట్లు, రెండూ మంచులోనే. చెప్పబోయే తిట్లన్నీ మనసులో వరసగా పేర్చుకుంటూ పోతున్నాను. బురదలో బాపు చెప్పుల గుర్తులు కనిపించాయి, కుడిది ఈడ్చుకుపోయినట్టు. సరైన దారిలోనే ఉన్నాననుకున్నాను. ఇంకాస్త పోయాక ఎందుకో నడక దానంతటదే మెల్లబడింది. పిట్ట కూయడం లేదు. నిన్న సాయంత్రం చెవులు హోరెత్తించిన కప్పలు కూడా మాట్లాడటం లేదు.

అప్పుడు దగ్గు వినిపించింది. చెట్లలోంచి, ఖక్... ఖక్ అని. బాపు దగ్గే. పొద్దున్నే మంచు పడితే అట్లాగే దగ్గుతాడు. కట్ట దిగి ఆ దగ్గు వైపు అడుగులు వేశాను. ఇరవై అడుగులు వేసి ఉంటాను.

వెనక నుంచి ఎవరో నా చేయి పట్టి ఆపారు. అరవబోతే నోటి మీద వేలు పెట్టి చూపించాడు వాచ్‌మన్. నేను కట్ట ఎక్కడం చూసి పరిగెత్తుకొచ్చినట్టున్నాడు, రొప్పుతున్నాడు.

"ఏడికక్కా?" గుసగుసగా అన్నాడు.

"మా బాపు కోసం. గిటే పోయిండని నువ్వే చెప్తివి గద. అగో, దగ్గుతుండు."

"కాక దగ్గు కాదది. చెట్ల మీద కొండెంగలు. పెద్దాయనను చూస్తె గట్లనే ఒర్రుతయి."

"బాపును చూస్తె కొండెంగలెందుకు ఒర్రుతయి?"

అతను నా ముఖంలోకి చూశాడు. అప్పుడు అర్థమైంది అతనికి, నాకంటే ముందు. ఎడమ చేతిని ముందుకు చాపి, కుడి చేతి వేలితో దాని మీద అడ్డంగా చారలు గీశాడు. ఒకటి, రెండు, మూడు.

నా పైప్రాణాలు పైనే పోయాయి.

"కాక టెంటుల లేడా?" అన్నాడు. తల అడ్డంగా ఊపాను. గుప్పిట తెరిచి మిషన్ చూపించాను. అతని ముఖం కూడా పాలిపోయింది. ఆ అడవిలో పుట్టి పెరిగినవాడు భయపడటం చూసి నాకు ఏడుపు ముంచుకొచ్చింది, బయటికి రాలేదు. అవ్వ ఆ రోజుల్లో కొంగు నోట్లో ఎందుకు కుక్కుకునేదో అప్పుడు తెలిసింది. నేనూ అదే చేశాను.

అతను కదలకుండా విన్నాడు. ఖక్, ఖక్. ఇంకోసారి, కాస్త దూరంగా. ఇంకా దూరంగా. "ఎగువకు పోతుండు" అన్నాడు. అన్నాకే నా చేయి వదిలాడు. "ఉరుకొద్దు. నా ఎనక మెల్లగ రాండ్రి."

తూము అక్కడికి నూరు అడుగులు కూడా లేదు. అంత దూరం నేను ఎన్నడూ నడవలేదు. మంచులోంచి ముందు తూము రాతిగోడ కనిపించింది. తర్వాత గోడకు వీపు ఆనించి, మోకాళ్ళు దగ్గరకు ముడుచుకుని, రెండు అరచేతులూ నేల మీద పరిచి కూర్చున్న బాపు కనిపించాడు. మంచె మీదినుంచి ఆ గోడ చాటు కనబడదు. ఆయన ముందు బురదలో, మనిషి పడుకున్నంత దూరంలో, పళ్ళెమంత అడుగులు నీళ్ళ అంచు వెంట వచ్చి, చెట్లలోకి మళ్ళి ఉన్నాయి. పాతవి కావు. వాటిలోకి నీళ్ళు ఇంకా ఊరుతున్నాయి.

బాపు మమ్మల్ని చూశాడు కానీ కదలలేదు. నేను పక్కన కూలబడి మిషన్ ఆయన చెవిలో పెట్టబోయాను. రెండుసార్లు నా చేతిలోంచి జారిపడింది. మూడోసారి ఆయనే తీసుకుని పెట్టుకున్నాడు. పేర్చుకున్న తిట్లలో ఒక్కటీ గుర్తు రాలేదు. ఆయన తువ్వాలులో ముఖం పెట్టి ఏడ్చాను.

"ఊకో బిడ్డా, పోయింది" అన్నాడు.

వంటగదిలో చాయ్ తాగుతూ ఉంటే మా ఆయన వచ్చి సంగతి విని నా కంటే ఎక్కువ వణికాడు. వాచ్‌మన్ తప్పంతా తనదే అన్నట్టు తల దించుకుని చెప్పాడు. "అడవిల మేం ఆ పేరు తియ్యమక్కా. పేరు తీస్తె, పిలిచిండ్రనుకొని వస్తడంటరు మా పెద్దలు. అందుకే పెద్దాయన అంటం. వచ్చినోళ్ళందరు పొద్దుగాల్నే అడుగుతరు గద కనిపించిండా అని, మీరు గూడ గదే అడిగిండ్రనుకున్న."

"నీ తప్పేం లేదు తమ్మీ. మాట పూర్తిగ వినకుండ ఫోను పెట్టింది నేను" అన్నాను. అలా ఒప్పుకోవడం నా జీవితంలో అదే మొదలని మా ఆయన తర్వాత ఊరంతా చెప్పుకున్నాడు.

వాళ్ళిద్దరూ లేచి పోయాక బాపూ నేనూ మిగిలాం. ఆయన చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ గ్లాసు అంచు మీద చాయ్ కదులుతోంది. అది చూశాకే నేను అడగగలిగాను.

"భయం కాలేదా బాపు?"

"ఎందుకు కాదు?"

"గంత నిమ్మలంగ కూసున్నవు గద."

"బాయిల గట్లనే కూసుంటం. కప్పు కదిల్తె ఉరుకద్దు. గోడకు ఆనుకొని, నేల మీద చేతులు పెట్టి చూస్తం." గ్లాసులోకి చూశాడు. "ఇయ్యాల అయినంత భయం ముప్పై ఏండ్లు దినాం అయింది బిడ్డా. గిది ఒక్క పొద్దే."

బడిలో చెప్పుకున్న గొప్పలన్నీ గుర్తొచ్చాయి.

"మరి ఎన్నడు చెప్పలేదేంది?"

"గాయన చెప్పలే? పేరు తీస్తె వస్తది. మేం గూడ బాయిల కూలుడు అన్న మాట అనకపోతుంటిమి." చాయ్ ఒక గుక్క తాగాడు. "మీ అవ్వకు తెలుసు. నా వంతు గూడ ఆమెనే భయపడ్డది. నీ పిరికితనం అవ్వ పోలిక అంటరు గని, కాదు బిడ్డా. నా పోలిక."

ఆయన చేతిలోంచి గ్లాసు తీసుకుని బల్ల మీద పెట్టి, ఆ రెండు చేతులనూ నా చేతుల్లో పట్టుకుని కూర్చున్నాను. వణుకు తగ్గడానికి చాలాసేపు పట్టింది. నాదో ఆయనదో తెలియలేదు.

పదింటికి మా అమ్మాయి ఫోన్ చేసింది. "ఎట్లుంది అమ్మా? పులి కనిపించిందా?"

బాపు కిటికీ దగ్గర నిలబడి చెరువును చూస్తున్నాడు.

"పెద్దాయన కనిపించిండు" అన్నాను.

"తాత సంగతి కాదమ్మా" అని నవ్వింది అది.