నా ఇరవై క్రెడిట్ల పొదుపు

నేను ఫుట్‌బాల్ పందేలు కాసి చేతి గాజులు పోగొట్టుకున్నానని జగ్గయ్యపేటలో చెప్పుకుంటున్నారట. గాజులు నా చేతికే ఉన్నాయి. పోయింది పరువు మాత్రమే.

మా బంధువులం ఫోన్లో ఆడుకునే ఈ ఆటలో డబ్బు ప్రసక్తే లేదు. ఆ రోజు మ్యాచ్‌ల కోసం, ఆట ఇచ్చే వంద క్రెడిట్లతో పదకొండు మంది ఆటగాళ్లను కొనుక్కోవాలి. వాళ్లు మైదానంలో బాగా ఆడితే మనకు పాయింట్లు వస్తాయి. వ్యాపారస్థుల ఇంట పుట్టినదాన్ని కనుక నిన్న చవకైనవారినే ఏరి, ఇరవై క్రెడిట్లు మిగిల్చాను. ఈ ఉదయం చూస్తే అందరిలోకీ చివర ఉన్నాను. అయినా నా మిగులు సంగతి గొప్పగా చెప్పుకుందామని నందిగామలో ఉన్న మా మరదలు సుగుణకు ఫోన్ చేశాను.

“అయ్యో వదినా, మిగిలినవి రేపటికి రావు! పైగా నువ్వు కొన్నోళ్లలో నలుగురు అసలు గ్రౌండ్‌లోకే దిగలా. అందుకే అంత చవగ్గా వచ్చారు!”

“బేరం బాగా కుదిరిందనుకున్నానే!”

“ఇకనుంచి నీ టీమ్ మా అల్లుడు పెడతాళ్లే. నువ్వు కూర్చుని చూడు చాలు.”

ఎండుమిర్చిని తొడిమ విరిచి చూడనిదే కొనని నేను, ఆర్థికశాస్త్రంలో ఎం.ఏ. చేసిన నేను, ఆడని మనుషులను కొన్నాను. ఆ వెక్కిరింతను భరించాను కాని, అల్లుడి సాయాన్ని భరించలేకపోయాను.

మిగులు చూసి మురిసిపోని ఇల్లాలు మీలో ఎవరైనా ఉంటే చెప్పండి.

ఈ రాత్రి జట్టును మాత్రం సాయంత్రమే, ఎవరినీ అడగకుండా, ఒక్కొక్కరూ కిందటి మ్యాచ్‌లో ఆడారో లేదో చూసుకుని మరీ ఖరారు చేసేశాను. వంద క్రెడిట్లూ ఖర్చు చేద్దామనే కూర్చున్నాను. చివరి అర క్రెడిట్ దగ్గర చెయ్యి రాలేదు.