వెలుగు చుక్క, వదిన ఉప్పు మూట

యూనివర్సిటీలో భౌతికశాస్త్రం పరిశోధన చేస్తున్న రోజులవి. మధ్యాహ్నం పూట నల్ల పరదాలు దించిన మా చీకటి గదిలోకి వెళ్తే నీళ్ల అడుగున నడుస్తున్నట్టుండేది. బల్ల మీద అగ్గిపెట్టెంత డబ్బా. ఒంట్లోంచి వచ్చే కంటికి కనపడని వేడి దాని మూతికి సోకితే చాలు, ఎదురుగా ఉన్న కొలబద్ద మీద వెలుగు చుక్క మెల్లగా పక్కకు జరిగేది. అరచెయ్యి దూరంగా పెట్టి ఆ చుక్కను ఆడిస్తూ ఎంతసేపైనా కూర్చునేదాన్ని.

అప్పుడే మా వదినకు ఎడమ రొమ్ములో గడ్డ తేలింది. మగ డాక్టరు చెయ్యి వెయ్యడానికి వీల్లేదని భీష్మించుకు కూర్చుంది. అన్నయ్య బతిమాలాడు, అమ్మ తిట్టింది. చెవిటివాడి ముందు శంఖమూదినట్టయింది. నాకు మాత్రం భయంతో నిద్ర పట్టేది కాదు. చెడ్డ గడ్డ ఉన్నచోట ఒళ్లు కాస్త వేడిగా ఉంటుందని ఎక్కడో చదివాను.

"ఎవ్వరు ముట్టరు వదినె. మిషిను దూరంకెల్లే చూస్తది," అన్నాను.

ఆదివారం తార్నాకలో ఇంటి నుంచి రిక్షాలో మా చీకటి గదికి తీసుకెళ్లాను. ఫ్యాను ఆపి, గడియ పెట్టాను. డబ్బా మూతి కుడి రొమ్ము వైపు తిప్పితే చుక్క కొంచెం కదిలింది. ఎడమ రొమ్ము వైపు తిప్పితే కొలబద్ద దాటి గోడ మూలకు పరుగెత్తింది. నా ప్రాణం పోయినంత పనైంది.

"ఏందట్ల చూస్తున్నవ్?" అంటూ వదిన కొంగు చాటు నుంచి వేడివేడి ఉప్పు మూట తీసింది. "నొప్పి ఉన్నదని రిక్షాల కాపడం పెట్టుకున్న."

పెళ్లిచూపులకు ముస్తాబైనట్టు మిషిను కోసం నొప్పిని సవరించుకుని వచ్చింది మహాతల్లి! ఇద్దరం పడీపడీ నవ్వాం.

ఒళ్లు చల్లబడేదాకా ఆ చీకట్లో ఊరికే కూర్చున్నాం. వదిన అరచెయ్యి చాచి చుక్కను ఆడించింది. "మిణుగురు పురుగులెక్క ఉన్నది," అని మురిసిపోయింది. ఆ మధ్యాహ్నం అలాగే ఆగిపోతే బాగుండుననిపించింది.

మళ్లీ చూశాం. ఈసారి ఎడమ రొమ్ముకు చుక్క పరుగెత్తలేదు. కుడి రొమ్ముకు ఆగినచోటు దాటి, నింపాదిగా ఇంకొంచెం జరిగి నిలబడింది.

"కాపడం వేడి ఇంక పోలేదేమో," అన్నాను. నాకు ఏడుపొస్తోంది.

వదిన చుక్క వంకే చూస్తూ ఉప్పు మూట నా చేతిలో పెట్టింది.

"ఇది ఎప్పుడో సల్లగైంది పిల్లా. రేపు డాక్టర్ తాన్కి పోదాం. చెయ్యి వెయ్యనిస్తా. నువ్వు మాత్రం నా పక్కకుండాలె."