దిగుబడి ఇరవై ఐదు

మా అక్క భర్త, మా బావగారు, ఈ మధ్యనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ కబురు నాకు ఫోనులో రాలేదు. మాది రెండు వాటాల ఇల్లు. గోడకు అటు వాళ్ళు, ఇటు నేను. కాఫీకి పిలవాలంటే అక్క గోడ మీద ఒకసారి తడుతుంది. ఆ రోజు తెల్లవారాక ఆపకుండా తట్టింది.

జ్ఞాపకార్థ కూడికలో పంచే కరపత్రానికి నాలుగు మాటలు రాయమని అక్క నన్నే అడిగింది. రాశాను. దివిసీమ కాలువల మీద ఉద్యోగమంతా వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేశారని, చివరి పొలానికి నీరందే దాకా ఇంటికి వచ్చేవారు కాదని రాశాను. అన్నీ నిజాలే. పాస్టరుగారు అది చదువుతుంటే అందరూ కళ్ళు తుడుచుకున్నారు. నేను తల ఎత్తలేకపోయాను. రాయనిది ఒకటి ఉండిపోయింది. ప్రార్థనలో దేవుడికి చెప్పుకున్నా మనసు తేలిక పడలేదు. పదో తరగతి తర్వాత ఉత్తరాలు తప్ప ఏమీ రాయని నేను కలం పట్టింది అందుకే.

రిటైరయ్యాక కూడా బావగారికి కరకట్ట మీద ఒకసారి తిరిగి రాకపోతే తోచేది కాదు. స్కూటరు బురదలో జారుతోందని, గుడివాడలో ఒక డాక్టరుగారు వాడకుండా పక్కన పెట్టేసిన గేర్ల సైకిలు తెచ్చుకున్నారు. లావు టైర్లు, ముందు చక్రానికి గుంతల్లో కుదుపు మింగే ఫోర్కు. ఆ ఫోర్కులో స్ప్రింగు ఉండదు, గాలి ఉంటుంది. చక్రానికి అటూ ఇటూ ఉండే ఫోర్కు కాళ్ళలో ఎడమదాని పైన మూత తీసి, బీపీ చూసే మిషను లాంటి గుండ్రటి గేజి ఉన్న చిన్న పంపుతో ఆ గాలి ఎక్కించాలి. ఎంత ఎక్కించాలన్నది మనిషి బరువును బట్టి ఉంటుంది. ఎక్కువైతే ఫోర్కు కర్రలా బిగుసుకుంటుంది, తక్కువైతే ప్రతి గుంతకీ అడుగంటుతుంది.

ఆ లెక్క ఒక్కరివల్ల తేలేది కాదు. ప్రతి నెలా మొదటి శనివారం పొద్దున ఆయన టోపీ, సంచి, నీళ్ళ సీసాతో సహా తయారై, వరండా గోడకు మోచెయ్యి ఆనించి పెడల్స్ మీద నిలబడేవారు. ఫోర్కు కాలికి నల్లటి రబ్బరు రింగు ఒకటి ఉంటుంది. ఆయన కదలకుండా నిలబడ్డాక దాన్ని నేను కిందికంటా జరిపేదాన్ని. ఆయన మెల్లగా దిగితే ఫోర్కు పైకి లేచేది, ఆయన బరువుకు అది ఎంత దిగిందో చూపిస్తూ రింగు అక్కడే ఉండిపోయేది. నేను బ్లౌజులు కుట్టే మనిషిని, మెడలో టేపు ఎప్పుడూ ఉంటుంది. అంగుళాలు తప్ప తెలియని నేను, దాని వెనక వైపు మిల్లీమీటర్లు చదవడం ఈ రింగు కోసమే నేర్చుకున్నాను.

అలా దిగే మేరకు బావగారు 'దిగుబడి' అని పేరు పెట్టారు. ఆయన బరువుకు ఇరవై ఐదు మిల్లీమీటర్లు రావాలి. కొలవగానే వంటింట్లోంచి అక్క అడిగేది.

"దిగుబడి ఎంతే?"

"ఇరవై ఐదు అక్కా."

"ఎకరానికా, సెంటుకా? ఊళ్ళో వాళ్ళంతా వడ్లు పండిస్తుంటే ఈయన గాలి పండిస్తున్నారు."

"గాలికి పురుగు పట్టదు, అదీ లాభం," అనేవారు బావగారు.

సైకిలంటే అక్కకు గిట్టేది కాదు. ఆ వయసులో అదేం సోకని సణిగేది. అయినా ఆ అంకె వినందే పొయ్యి దగ్గర నుంచి కదిలేది కాదు. ఇరవై ఐదంటే ఆయన కులాసాగా ఉన్నట్టు అని అక్క లెక్క.

ఆ ఫోర్కు కుడి కాలి కింద ఎర్రటి చిన్న మర ఉండేది. కుదుపు తిన్నాక ఫోర్కు ఎంత వేగంగా పైకి లేవాలో దానితో సరిచేసేవారు. ఒక్కో టిక్కు తిప్పి, హ్యాండిలు నొక్కి వదిలి, చక్రం ఎగురుతోందా అని చూసేవారు. మా ఆయన పోయి, నేను ఈ వాటాలోకి వచ్చిన కొత్త. కుట్టు మిషను ముందు కూర్చునేదాన్ని, కాలు ఆడేది కాదు. అందరూ ధైర్యం తెచ్చుకోమనేవారు. ఆయన మాత్రం ఆ మర తిప్పుతూ అన్నారు. "గబుక్కున లేస్తే చక్రం నేల వదిలేస్తుందమ్మా. మరీ మెల్లగా లేస్తే రెండో గుంట వచ్చేసరికి ఇంకా కిందే ఉంటుంది. నీ టిక్కు ఎక్కడో నువ్వే చూసుకో. తొందరేం లేదు." ఆ వారమే నేను మళ్ళీ మిషను తొక్కాను.

ఇంకో మాట కూడా తరచూ అనేవారు. కాలువ లాకుల దగ్గర నీటి గేజి చదివి చదివి వచ్చిన మాట అది. "గేజి అబద్ధం చెప్పదు. చదివేవాడే చెబుతాడు."

పోయినేడు అక్కకు గుండెలో స్టెంటు వేశారు. ఆందోళన పడనివ్వొద్దని బందరులో డాక్టరుగారు గట్టిగా చెప్పి పంపారు. ఆ తర్వాత వచ్చిన శనివారం కొలిస్తే రింగు ఇరవై రెండు దగ్గర ఆగింది. మళ్ళీ నిలబడమన్నాను. మళ్ళీ ఇరవై రెండే. గాలి పోయిన నెల ఎంత ఉందో అంతే ఉంది, తొంభై పౌన్లు. తగ్గింది మనిషి బరువు.

నేను నోరు తెరిచేలోపే ఆయన వేలు అడ్డం పెట్టారు. "మీ అక్క అడుగుతుంది. నువ్వు అబద్ధం చెప్పవు, నాకు తెలుసు. చెప్పొద్దులే." మూత తీసి వాల్వు నొక్కి గాలి కాస్త తీశారు. మళ్ళీ ఎక్కి నిలబడ్డారు. "ఇప్పుడు చదువు."

ఇరవై ఐదు.

లోపల నుంచి అక్క అడిగింది. "ఇరవై ఐదు అక్కా," అన్నాను.

డాక్టరుకు చూపించుకోండి బావగారూ అని మెల్లగా అన్నాను. "మీ అక్క కాస్త తేరుకోనీ. మూడు నెలలు. తర్వాత నేనే వెళ్తా," అన్నారు. నేను ఆ మాట పట్టుకున్నాను. గాలి ఎనభై నాలుగైంది, తర్వాత డెబ్భై ఎనిమిది, ఆపైన డెబ్భై. దిగుబడి మాత్రం ప్రతి నెలా ఇరవై ఐదే. పంపు మీద ముల్లు ఎంత చూపించిందని అక్క ఏనాడూ అడగలేదు. అది అడగవలసిన అంకె అని తనకు తెలియదు.

అంతటితో ఆగలేదు. చొక్కాలు వదులైతే అక్క కంటపడుతుందని, ఒక్కొక్కటే తెచ్చి నా మిషను మీద పెట్టేవారు. పక్క కుట్లు లోపలికి పట్టేదాన్ని. ప్యాంట్ల నడుం తగ్గించేదాన్ని. ఒకరి కొలతలు ఇంకొకరికి చెప్పకపోవడం ఇన్నేళ్ళుగా నా వృత్తి ధర్మం. దాన్ని అడ్డం పెట్టుకుని నా మనసుకు నేనే సర్దిచెప్పుకున్నాను. మనిషి చిక్కిపోతుంటే బట్టలు సరిపోయేలా చేసింది ఈ చేతులే.

మూడో నెల దాటాక కడుపులో నొప్పి దాచుకోలేకపోయారు. బెజవాడ తీసుకెళ్ళాము. ఎన్నాళ్ళుగా బరువు తగ్గుతున్నారని డాక్టరుగారు అడిగారు.

"తగ్గలేదండి," అంది అక్క. "మా చెల్లెలు నెలనెలా కొలుస్తుంది. అడగండి కావాలంటే."

డాక్టరుగారు నా వైపు తిరిగారు. మంచం మీద నుంచి బావగారు, "ఈ నెలలోనే తగ్గానండి, ముందు లేదు," అన్నారు. జీవితమంతా గేజి సరిగ్గా చదివిన మనిషి, నా కోసం ఆ ఒక్కసారి తప్పు చదివారు. బయటికి వెళ్ళి డాక్టరుగారితో నిజం చెప్పడానికి నాకు ఇంకో రోజు పట్టింది. ఆయన రాసుకున్నారు. ఇంత ముదరక ముందే తెచ్చి ఉంటే నయమయ్యేదా అని అడిగాను. చెప్పలేమమ్మా అన్నారు. ఆ మాట నన్ను వదలడం లేదు. అవునన్నా, కాదన్నా ఏదో ఒక చోట నిలబడేదాన్ని.

ఇప్పుడు పరామర్శకు వచ్చిన వాళ్ళందరికీ అక్క ఒకే మాట చెబుతోంది. "ఉన్నట్టుండి వచ్చింది జబ్బు. నాకు తెలియకుండా చిక్కలేదాయన. ఎప్పుడడిగినా ఇరవై ఐదే." చెప్పి, నా చెయ్యి పట్టుకుంటుంది. ఆ మాటే దాన్ని నిలబెడుతోంది. నేను ఒక్క అబద్ధమూ ఆడలేదు. ఆయనా నేనూ కలిసి గేజి చేతే ఆడించాము. దేవుని ముందు ఏది పెద్ద తప్పో నాకు తెలియదు. నిజం చెప్పి నా బరువు దించుకుంటే, అది వెళ్ళి పడేది అక్క గుండె మీదే.

సైకిలు వరండాలోనే ఉంది. అన్నాళ్ళూ దాన్ని తిట్టిన అక్కే రోజూ పొద్దున తడిగుడ్డతో తుడుస్తోంది. రబ్బరు రింగు చివరి శనివారం ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది. ఆ రింగు కదలకుండా, వేలికి గుడ్డ చుట్టి దాని పైనా కిందా తుడుస్తుంది. ఆయన ఆఖరి బరువుకు సరిపడా గాలి ఇంకా ఆ ఫోర్కులో ఉంది. ఎంతుందో చూడాలంటే పంపు తగిలించాలి. తగిలించినప్పుడల్లా తుస్సుమని కాస్త పోతుంది. అందుకని నేను చూడను.

నా తర్వాత ఈ కాగితాలు దొరికినవారు నా కొలతల పుస్తకంలోనే ఉంచండి. పారేయకండి. అక్కకు చూపించకండి. ఎవరి కొలతలూ ఇంకొకరికి చూపించేవి కావు.