లప్పం ముక్కు చిలక

మొన్న ఆదోనిలో మా పక్కింటివాళ్ళు మిషను పెట్టి తలుపుల పాత రంగు గీకించారు. రొద సరే, కిటికీ మూసినా ఆ కాలిన రంగు వాసన వదల్లేదు. దాంతో ఎమ్మిగనూరులో మా మేనత్త ఇంటి వాకిలి గుర్తొచ్చింది. ఆ ద్వారబంధం పైపట్టీ మీద చిలకల వరుస చెక్కి ఉండేది. ఉందని పెద్దవాళ్ళు చెప్పేవారు, మాకు మాత్రం బోండాలు కనబడేవి. ఏటా దసరాకు అత్తే స్టూలెక్కి పూత మీద పూత పూసేది మరి. గోడలకు సున్నం ఎవరు కొట్టినా సరే, వాకిలి మీద ఇంకొకరి బ్రష్షు పడనిచ్చేది కాదు. అత్తకు రంగుల పిచ్చి అని నవ్వుకునేవాళ్ళం.

పోయినేడు ఆమె కొడుకు, అంటే మా బావ, టేకు కనబడాలని వడ్రంగిని పిలిపించాడు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. తీగల బ్రష్షు బిగించిన గ్రైండరు తిరుగుతుంటే పచ్చ పోయి నీలం, నీలం పోయి ఎరుపు వచ్చి, చివరికి కొయ్య తేలింది. చిలకలకు ఈకలున్నాయని అప్పుడే చూశాం. అంతలో వంటింట్లోంచి అత్త గబగబా వచ్చింది.

“ఆపప్పా! ఆ కడాకు చిలక ముట్టుకోవద్దు!”

మిషను రొదలో అతనికి వినబడలేదు. చివరి చిలక ముక్కు తెల్లటి పొడిగా రాలిపోయింది. అప్పుడు మిషను ఆపి, “ఏమవ్వా, పిలిస్తివా?” అన్నాడు.

“అది కొయ్య ముక్కు కాదప్పా. మా ఆయన లప్పంతో పెట్టినాడు.”

కాపురానికొచ్చిన మొదటి ఉగాదికి తోరణం కట్టబోయి, మేకును సరిగ్గా చిలక ముక్కు మీదే కొట్టిందట. ముక్కు ఊడింది. తన అత్తగారి నోటికి జడిసి ఏడుస్తుంటే, మామ లప్పం ముద్దతో ముక్కు చేసి పైన రంగు పూశాడట. ఇంకొకరు గీకితే గుట్టు బయటపడుతుందని అప్పటినుంచీ ఆమే పూస్తూ వచ్చింది. అత్తగారు పోయారు, మామా పోయాడు, పూత మాత్రం ఆగలేదు.

“కొయ్యతో కొత్త ముక్కు సేసి అతికిస్తాలే అవ్వా,” అన్నాడు వడ్రంగి.

“వద్దులేప్పా. ఇంగ నన్ను తిట్టేకి ఎవురుండారు?”

నవ్వుతూనే అంది. గడప మీద పడిన తెల్లపొడిని మాత్రం చీపురుతో ఊడ్చలేదు, కొంగుతో తుడిచి ఆ కొంగును అట్లే నడుములో దోపుకుంది. నాకు చాలా బాధేసింది. ఎవరికి భయపడి బతికామో వాళ్ళ కోసం కూడా బెంగపడే రోజొకటి వస్తుంది.