నట్టు కింద పూత

తొంభైల చివర్లో, ఒక జూన్ నెల మొదట్లో నన్ను విశాఖపట్నం డిపో నుంచి సికింద్రాబాద్ బ్రాంచికి బదిలీ చేశారు. నేను పనిచేసింది ఒక పెయింట్ల కంపెనీలో. హోదా టెక్నికల్ సర్వీస్ ఆఫీసర్. పేరు పెద్దదే గాని, బ్రాంచిలో మా స్థానం సేల్స్ ఆఫీసర్ కంటే ఒక మెట్టు కింద. అమ్మడం వాళ్ల పని. అమ్మిన సరుకు పెచ్చులూడినా, పొంగినా, రంగు వెలిసినా వెళ్లి చూసి కారణం చెప్పడం మా పని. రేట్ల గురించి నోరు విప్పే అధికారం మాకు లేదు. మావారికి రైల్వేలో ఉద్యోగం కావడంతో మెట్టుగూడలో ఇల్లు తీసుకున్నాం.

ఆ ఏడాది మా కంపెనీ పౌడర్ కోటింగ్ వ్యాపారంలోకి కొత్తగా దిగింది. తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. మామూలు పెయింట్‌ని థిన్నర్‌తో పల్చన చేసి కొడతారు. థిన్నర్ ఆవిరైపోయి రంగు మిగులుతుంది. పౌడర్‌లో తడి అనేది ఉండదు. ముగ్గుపిండి లాంటి రంగుపొడిని గన్‌తో చల్లుతారు. గన్ ఆ పొడికి కరెంటు పట్టిస్తుంది కాబట్టి అది ఇనుముకు అతుక్కుంటుంది. తర్వాత ఇంచుమించు రెండువందల డిగ్రీల వేడి ఉన్న ఓవెన్‌లో పెడితే పొడి కరిగి, పరుచుకుని, మందమైన తొడుగులా గట్టిపడుతుంది. రాయి తగిలినా తొందరగా పెచ్చు లేవదు. ఒకసారి లేచిందంటే మాత్రం రోడ్డు పక్కన సరిచేయడం కుదరదు, మొత్తం ఒలిచి మళ్లీ మొదలుపెట్టాలి. పెయింట్ త్వరగా పోతుంది, త్వరగా వేసుకోవచ్చు. దేనికి ఏది మంచిదన్నది వస్తువును బట్టి ఉంటుంది. మా బ్రాంచి మేనేజర్ గారి అభిప్రాయంలో అన్నిటికీ పౌడరే మంచిది. ఆయనకు ఆ ఏడాది ఇచ్చిన టార్గెట్ పౌడర్‌లోనే ఉంది.

నేరేడ్‌మెట్‌లో యాదగిరి గారని ఒకాయన ఆఫీసులకు కార్లు అద్దెకు తిప్పేవారు. కార్లన్నీ తెల్లవి. చక్రాలు వెండిరంగు ఇనప చక్రాలు. కారు ఎంత పాతదైనా చక్రం మెరిస్తే ఎక్కినవాడు ఇంజిన్ చప్పుడు పట్టించుకోడని ఆయన నమ్మకం. ఆయనను పౌడర్‌కు ఒప్పించి రమ్మని మేనేజర్ గారు నన్ను పంపారు.

"మూడు నెల్లకోసారి ఖాజా వచ్చి పెయింట్ కొడతడు," అన్నారు యాదగిరి గారు. "వానలు షురూ అయితే మళ్ల గదే కత. పరేషానైతున్న మేడం. మీ పౌడరుతోని ఆగుతదా, లేకుంటే గిది సుత గంతేనా?"

ఆగుతుందో లేదో చూపిస్తానని చెప్పాను. ఇలాంటి చోట మేం చేసేది ట్రయల్. ఒకే కారుకు ముందు ఎడమ చక్రానికి, వెనక కుడి చక్రానికి పౌడర్. మిగతా రెంటికీ పెయింట్. అలా ఐమూలగా వేస్తే రోడ్డుకు రెండు వైపులా ఉండే కంకర రెండు పూతలకూ సమానంగా తగులుతుంది. పౌడర్ చక్రాలను యాదగిరి గారి చేతే చర్లపల్లిలో ఒక కోటింగ్ షాపుకు పంపాం. అక్కడ టైరు విప్పి, పాత రంగు ఒలిచి, ఇసుకతో కొట్టి, కడిగి, అప్పుడు పౌడర్ వేస్తారు. మిగతా రెంటికీ ఖాజా, యాదగిరి గారు కార్లు నిలిపే యార్డులోనే, చక్రం కారుకు ఉండగానే, టైరు మీద పాత పేపర్లు కప్పి, నట్ల మీదుగా స్ప్రే కొట్టేశాడు. ఆ పద్ధతి నాకు నచ్చలేదు. కాని ఏళ్లుగా జరుగుతున్న పెయింటింగ్‌తోనే పోలిక కాబట్టి ఊరుకున్నాను.

ఆ కారు నడిపే డ్రైవర్ పేరు సామ్యూల్. గుంటూరు వైపు నుంచి వచ్చి సైనిక్‌పురి దగ్గర స్థిరపడ్డవాడు. మితభాషి. ఆయన భార్య మేరీ అక్కడే ఒక బడిలో టీచర్.

రెండు నెలలు గడిచాయి. వానలు జోరుగా పడుతున్న రోజుల్లో, చక్రాలు ఎలా ఉన్నాయో చూద్దామని యార్డుకు వెళ్తే ఆ కారు దగ్గర వేరే డ్రైవర్ ఉన్నాడు. సామ్యూల్ ఏడని అడిగాను.

"తీసేసిన," అన్నారు యాదగిరి గారు.

జరిగింది ఇది. అంతకు ముందు వారం సామ్యూల్ ఒక ఆఫీసు అతిథిని ఎక్కించుకుని అల్వాల్ నుంచి వస్తుండగా ముందు ఎడమ చక్రం ఊగడం మొదలైంది. ఆపి చూస్తే ఒక నట్టు లేదు, మిగతావి చేత్తో తిప్పితే తిరుగుతున్నాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అతిథి ఆటో ఎక్కి వెళ్లిపోయి, ఆఫీసులో ఫిర్యాదు చేశాడు. ఇంకోసారి ఇలా జరిగితే కాంట్రాక్టు రద్దు అని ఆఫీసువాళ్లు యాదగిరి గారికి చెప్పారు. ఆ చక్రానికి ముందురోజే పంక్చరైతే విప్పి బిగించింది సామ్యూలే. దాంతో విచారణ అయిపోయింది.

"బిగించిన అంటడు. బిగిస్తే ఎట్లూడుతయి మేడం? మనిషి పానం పోతుండె."

ఈ కబురు నేరేడ్‌మెట్ టాక్సీ స్టాండంతా పాకింది. చక్రం బిగించడం రాని డ్రైవర్ అన్న పేరు వచ్చాక ఇంకొకరు పని ఇవ్వరు. సామ్యూల్ అప్పటికి నలుగురు ఓనర్లను అడిగి లేదనిపించుకున్నాడని కొత్త డ్రైవరే చెప్పాడు.

నేను వచ్చింది పూత చూడటానికి కాబట్టి అదే చూశాను. పెయింట్ చక్రాల అంచులు చాలాచోట్ల లేచిపోయి తుప్పు తొంగిచూస్తోంది. పౌడర్ చక్రాలు కొత్తవాటిలా ఉన్నాయి. ట్రయల్ నెగ్గినట్టే. లోపలి వైపు కూడా చూడాలి కనుక వెనక కుడి చక్రం విప్పమని యార్డు మెకానిక్‌ను అడిగాను. ఆయన వీల్ పాన పెట్టి ఒక్క చేత్తో అలా అన్నాడు, నట్టు తిరిగింది. రెండోదీ అంతే. వెనక ఎడమ చక్రం, అంటే పెయింట్ వేసినది, అది కూడా విప్పమన్నాను. దానికి పాన మీద ఎక్కి నిలబడాల్సి వచ్చింది.

"ఈ కుడి చక్రం సామ్యూల్ ఎప్పుడైనా విప్పాడా?" అని అడిగాను.

"లేదు మేడం. పౌడర్ వేసుకొచ్చిన్నాడు నేనే బిగించిన," అన్నాడు మెకానిక్. ఆ మాట అన్నాక మిగతా నట్లు కూడా తనే విప్పి, చక్రం తెచ్చి నా ముందు పెట్టాడు.

విప్పిన చక్రం చూస్తే సంగతి తెలిసింది. చక్రానికి నట్టు కూర్చునే చోట గుంటలా ఉంటుంది. నట్టుకూ ఆ గుంటకూ మధ్య ఇనుముకు ఇనుమే తగలాలి. ఇక్కడ గుంట నిండా పౌడర్ పూత ఉంది. చక్రం వెనక, దాన్ని కారుకు పట్టి ఉంచే హబ్బుకు ఆనే భాగం మీద కూడా ఉంది. నట్టు బిగించిన రోజున అది గట్టిగానే ఉంటుంది. కారు తిరుగుతున్నకొద్దీ ఒత్తిడికి, బ్రేకుల వేడికి మధ్యలో ఉన్న పూత నలిగి బయటికి జారుతుంది. అది జారిన మేరకు నట్టు వదులవుతుంది. ఎవరు బిగించినా ఇంతే. ఖాజా నట్లు విప్పకుండా స్ప్రే కొట్టడం వల్ల ఆయన చక్రాల్లో నట్టు కింద కొత్త రంగు చేరే వీలే లేదు. నాకు నచ్చని పద్ధతి ఆ ఒక్క విషయంలో సరైనదైంది.

అనుమానం ఉండకూడదని, నాలుగు చక్రాలనూ టార్క్ రెంచితో ఒకే కొలతకు బిగింపజేసి, కొత్త డ్రైవర్‌ను శామీర్‌పేట దాకా పోయి రమ్మన్నాను. టార్క్ రెంచి అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే పాన. తిరిగొచ్చాక చూస్తే పెయింట్ చక్రాలు అదే కొలత మీద ఉన్నాయి. పౌడర్ చక్రాలు రెండూ తగ్గాయి. యాదగిరి గారు పక్కనే నిలబడి చూశారు.

ఇక చర్లపల్లి షాపు సంగతి తేలాలి. నట్టు గుంటల్లో రబ్బరు బిరడాలు పెట్టి, హబ్బు ఆనేచోట టేపు అంటించి పౌడర్ వేయడం ఎవరైనా చేసే పని. ఎందుకు చేయలేదని షాపు యజమానిని అడిగాను. ఆయన నిబ్బరంగా, పార్టీయే ఎక్కడా జాగా వదలొద్దన్నాడని, పార్టీ ఎలా చెబితే తాము అలా చేస్తామని అన్నాడు. ఆ పార్టీ యాదగిరి గారు.

ఆయనను అడిగితే దాచలేదు. 

"నట్టు కాడ నల్లగ కనబడితే బాగుండదని నేనే చెప్పిన," అన్నారు. "వాడు వద్దనాలె గద."

వద్దనాల్సిందేనని ఒప్పుకున్నాను. అప్పుడు ఆయన తల వంచుకుని, "సామ్యూల్ ఇంటికి మీరు సుత జెర రాండ్రి మేడం. నేనొక్కణ్ణి పోతే తలుపు తియ్యడు," అన్నారు.

ఈలోగా మేనేజర్ గారికి విషయం చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. మన ట్రయల్ రాళ్ల దెబ్బలకు పూత ఆగుతుందా లేదా అన్నదాని మీద, అందులో మనం నెగ్గాం, నట్టు మన ప్రోడక్ట్ కాదు అన్నారు. ఆర్డర్ చేతికొచ్చేదాకా కస్టమర్‌కు ఇదంతా చెప్పనవసరం లేదని కూడా అన్నారు. కస్టమర్ పక్కన నిలబడి చూశాడని చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, నా పని ఒత్తిడి ఎలా ఉందని అడిగారు.

మేమిద్దరం వెళ్తే సామ్యూల్ తలుపు తీశాడు. కుర్చీలు వేశాడు. యాదగిరి గారు మొత్తం చెప్పారు, తను జాగా వదలొద్దన్న మాటతో సహా. సామ్యూల్ వింటూ గోడకానుకుని నిలబడ్డాడు. మాట్లాడింది మేరీ గారు.

"వచ్చి చెప్పినందుకు సంతోషమండీ," అంది ఆవిడ. "కాని ఈయన నట్లు బిగించాడన్న సంగతి ఈ ఇంట్లో మాకు ముందే తెలుసు. తెలియనివాళ్లు స్టాండు దగ్గరున్నారు. అక్కడ చెప్పండి."

మర్నాడు పొద్దున యాదగిరి గారు స్టాండుకు వెళ్లారు. నేనూ వెళ్లాను, ఎవరైనా సాంకేతికంగా ఏదైనా అడిగితే చెప్పడానికి. ఎవరూ అడగలేదు. డ్రైవర్లందరికీ చాయ్ చెప్పి, ఆయన నిలబడి, "చక్రం ఊడింది సామ్యూల్ తోని కాదు, నాతోని. నట్టు కింద రంగు వెయ్యమన్నది నేను. అందరు ఇన్నరు గద. చాయ్ తాగుండ్రి," అన్నారు. అంతే. వెనక నుంచి ఎవరో బిస్కెట్లు కూడా చెప్పమన్నారు. చెప్పారు.

మరుసటి వారం సామ్యూల్ పనిలో చేరాడు, వేరే ఓనరు దగ్గర. యాదగిరి గారికి ఇది మింగుడుపడలేదు. "నా కాడికే రావచ్చు గద మేడం, జీతం సుత పెంచుతా అన్న," అన్నారు. తర్వాత ఒకసారి సామ్యూల్ కనబడితే అదే అడిగాను.

"కోపమేం లేదండీ," అన్నాడు. "ఆయన బండి నడిపితే నేను రోజూ దిగి నట్లు చూసుకుంటా ఉంటాను. నేను చూసుకోవడం చూసి ఆయన బాధపడతాడు. ఇద్దరికీ తక్లీఫ్ ఎందుకని."

యాదగిరి గారు చివరికి అన్ని కార్ల చక్రాలకూ పౌడరే వేయించారు, నట్టు గుంటలూ హబ్బు ముఖమూ వదిలి. చక్రాలు చర్లపల్లి నుంచి రాగానే ఆయనే వంగి ఒక్కొక్క గుంటలో వేలు పెట్టి చూసేవారు. వేలికి వట్టి ఇనుము తగిలితేనే దించుకునేవారు. పౌడర్ లేచిన చోట పైపైన దిద్దే టచప్‌కు పనికిరాదు కాబట్టి, తరచూ గీసుకుపోయే బంపర్లు, స్టెప్నీలు ఖాజాకే మిగిలాయి. నెలవారీ మీటింగులో మేనేజర్ గారు ఈ ఆర్డర్‌ను విజయవంతమైన ట్రయల్‌కు ఉదాహరణగా చెప్పారు. నట్ల ప్రస్తావన రాలేదు.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, పౌడరా పెయింటా అని ఎవరడిగినా, ఆ వస్తువును ఎక్కడ పట్టి బిగిస్తారని ముందు అడిగేదాన్ని. పూత ఎక్కడ ఉండకూడదో తేల్చుకున్నాక, ఏ పూత వేయాలన్నది అంత కష్టమైన ప్రశ్న కాదు. మంచి సరుకైనా సరే, ఉండకూడని చోట ఉంటే చెరుపే చేస్తుంది. ఆ నింద సరుకు మీద పడదు, చివరిసారి పాన పట్టుకున్నవాడి మీద పడుతుంది.